నీరు వెనక్కి పోయిన ఉదయం

మా అమ్మది ఒకే ఒక్క ఫోటో ఉంది. పోస్టుకార్డులో సగం ఉంటుంది. అంచులు పళ్ళు పళ్ళుగా కత్తిరించి ఉంటాయి. ఆ రోజుల్లో అలాగే కత్తిరించేవారు. తెల్లచీర కట్టుకున్న మనిషి బురదగట్టు మీద నిలబడి పాయ వైపు చూస్తోంది. జుట్టు విరబోసి ఉంది. ముఖం సగమే కనిపిస్తుంది. అవతల మడచెట్లు, వాటి వేళ్ళు బురదలోంచి పైకి లేచి ఉన్నాయి. అటూ ఇటూ ఎవరూ లేరు.

చూసినవాళ్ళందరూ ఒకే మాట అంటారు, ఎంత నిమ్మళంగా నిలబడిందో అని. మొన్న మనవరాలు కూడా అదే అంది.

"అమ్మమ్మా, ఎంత శాంతిగా ఉందో చూడు. అకేలీ, ఒక్కతే, పానీ పక్కన. పెద్దది చేయించి హాల్లో పెట్టేద్దాం."

"ఫోన్‌లో తీసుకోమ్మా. కాగితం మాత్రం నాకిచ్చెయ్."

"ఫ్రేములో ఉంటే పాడవదు కదా? నీ ప్రార్థన పుస్తకంలో పెట్టి పెట్టి చూడు, కోనా ఫట్ గయా, మూల చిరిగిపోయింది."

"పాడైతే కానీ. దాంతో నాకు పనుంది."

"ఫోటోతో పనేంటి అమ్మమ్మా?"

చెప్పాలంటే ఆ ఉదయం సంగతంతా చెప్పాలి. నోటితో చెప్పబోతే నాకు మధ్యలో ఆగిపోతుంది. అందుకే రాస్తున్నాను. ఆ పిల్ల తెలుగు గడగడా మాట్లాడుతుంది గాని కూడబలుక్కుంటే తప్ప చదవలేదు. ఎవరైనా చదివి వినిపిస్తారులే.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కూలిపనికి ఓడెక్కి ఈ దీవికి వచ్చాడు. సర్కారు రోడ్లకు కంకర కొట్టేవాడు. జంగ్లీఘాట్‌లో రేకుల కప్పు, రేకుల గోడలు ఉన్న ఒక గదిలో ఉండేవాళ్ళం. నేను బడి గడప తొక్కలేదు. బడిలో పాఠాలన్నీ హిందీలో, పైగా అమ్మకు దగ్గు, ఇంట్లో మనిషి కావాలి. మా ప్రార్థన ఇంటికి పెద్దగా ఉండే మాస్టారి భార్య అమ్మకు తెలుగు అక్షరాలు నేర్పింది. అమ్మ నాకు రేకుగోడ మీద బొగ్గుతో నేర్పింది. వాన జల్లు లోపలికి కొట్టిన రోజు పాఠం చెరిగిపోయేది. మర్నాడు కొత్త పాఠం. పలక కొనే పనే లేకుండా చేసిన దేవునికి వందనాలు.

మా వాళ్ళు పుట్టుకతో క్రైస్తవులు కారు. అమ్మ ప్రార్థనకు వెళ్ళడం మొదలుపెట్టింది మాస్టారి భార్య వెంటే. నాన్న కాదనలేదు. "నీ దేవుడు నీకు, నా బీడీ నాకు. ఎవులి దారి ఆలది," అనేవాడు.

నా తరువాత ఒక తమ్ముడు పుట్టాడు. నాలుగు నెలలు బతికాడు. జ్వరం వచ్చి మూడో రోజుకు పోయాడు. అప్పుడు మాస్టారు వచ్చి, పసిపిల్లలు దేవుని సొత్తు, వాళ్ళకు బాప్తిస్మంతో పని లేదు అని, ప్రార్థన ఇంటి వెనక గుట్ట మీదున్న సమాధుల ఆవరణలో చివరి వరసలో చోటిచ్చారు. పెద్దవాళ్ళ సంగతి వేరు. నీళ్ళలో పూర్తిగా మునిగి బాప్తిస్మం పొందినవాళ్ళనే అక్కడ పెడతారు. అది సంఘం కట్టుబాటు. తమ్ముడి గుంట మీద మట్టి వేస్తూ ఉండగానే అమ్మ చూసుకుంది, పక్కన ఇంకొక మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

ఆ సాయంకాలమే నాన్నతో చెప్పింది. "నన్ను ఆడి పక్కనే ఎట్టాల. నాను బాప్తిస్మం తీసుకుంటాను."

"నీకిప్పుడేటయింది ఎట్టడానికి?" అన్నాడు నాన్న.

అమ్మకు ఏమయిందో అమ్మకు తెలుసు. దగ్గినప్పుడు నోటికి అడ్డం పెట్టుకునే గుడ్డను నా చేతికి ఇచ్చేది కాదు, తానే ఉతుక్కునేది. ఆస్పత్రిలో సూదులు రాశారు. పొడిచినన్నాళ్ళు పొడిచారు. మనిషి మాత్రం రోజురోజుకూ సగమైపోతోంది.

బాప్తిస్మం ఇచ్చే అయ్యగారు మా దీవిలో ఉండేవారు కారు. సముద్రానికి అవతలి ఒడ్డు నుంచి ఓడలో అయిదారు నెలలకొకసారి వచ్చేవారు. మూడు నాలుగు రోజులుండి, అదే ఓడ తిరిగి వెళ్ళేటప్పుడు వెళ్ళిపోయేవారు. ఆ ఏడు ఆయన వస్తున్నారని తెలిసినప్పటి నుంచి అమ్మ మొహం వెలిగింది. మాస్టారి భార్య ఒక తెల్లచీర ఇచ్చింది. అమ్మ దాన్ని గంజి పెట్టి, మడతపెట్టి, తలగడ కింద పెట్టుకుని పడుకునేది.

సముద్రం మా గుమ్మంలోనే ఉంది. అయినా జంగ్లీఘాట్‌లో మునగడం మాస్టారికి ఇష్టం లేదు. చేపల పడవలు, కంపు, చూసి నవ్వే జనం. ఆయనది పొలాల మధ్య ఊరు. చిన్నప్పుడు వాళ్ళ ఊరి ఏటిలో మునిగిన మనిషి. ఏరు లాంటిది కావాలని వెతికి, ఒక ఆదివారం సిప్పీఘాట్ వెళ్ళి అక్కడి పాయను చూసి వచ్చారు. రెండు పక్కలా చెట్లు, నడుమ నిండుగా నీళ్ళు. అచ్చం మా ఊరి ఏరే అని మురిసిపోయారు. వచ్చే ఆదివారం అక్కడే అన్నారు.

మా పక్కగదిలో ఒక ముసలాయన ఉండేవాడు. చిన్న పడవ వేసుకుని చేపలు పట్టేవాడు. నేను పడవ తాత అనేదాన్ని. సాయంకాలమయ్యేసరికి ఒక గ్లాసు పుచ్చుకునేవాడు. శనివారం పొద్దు వాలే వేళ మాస్టారు మా గుమ్మం ముందుకొచ్చి ఎవరెవరు ఎన్నింటికి తయారుగా ఉండాలో చెబుతున్నారు. తాత వల బాగుచేసుకుంటూ తలెత్తాడు.

"మాస్టారూ, రేపు ఏ ఏళకి దిగుతారేటి నీల్లల్లోకి?"

"పాటలు, వాక్యం అయ్యాక. ఎనిమిదిన్నర, తొమ్మిది. పోయిన ఆదివారం పదింటికి చూశాను తాతా, గట్టు దాకా ఉంది ఏరు."

"ఏరేటి బావూ! అది సముద్రం నాలిక. పోయినారం పున్నమి. రేపు అష్టమి. పున్నమినాడు పదికి నిండింది, అష్టమినాడు పదికి ఎండుతాది. తెల్లారకుండా ఎల్లండి. నేదంటే సాయంకాలం నాలుక్కి ఎల్లండి."

మాస్టారు నవ్వారు. "పున్నములూ అష్టములూ మా దగ్గర చెప్పకు తాతా. తిథులూ వర్జ్యాలూ అవతలి ఒడ్డునే వదిలేసి ఓడెక్కాం. దేవుడు చేసిన రోజులన్నీ మంచివే."

"మంచీ సెడ్డా ఎవులు సెప్పారు? నాను నీల్ల సంగతి సెప్తన్నాను."

"ముందు నీ గ్లాసులో నీళ్ళ సంగతి చూసుకో."

గుమ్మంలో ఉన్నవాళ్ళందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగి కూర్చుండిపోయింది. తాత సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు.

మాస్టారిని తప్పు పట్టడానికి ఈ మాట రాయడం లేదు. మా సంఘంలో ఎవరూ చంద్రుణ్ణి చూసేవారు కారు. చూస్తే పాత బుద్ధులు పోలేదని అనుకుంటారని భయం. చుట్టూ సముద్రం ఉన్న దీవిలో బతుకుతూ ఆకాశం వైపు చూడకూడదని మాకు మేమే కట్టడి చేసుకున్నాం.

ఆదివారం ఏడింటికి ఎవరో మాట్లాడి పెట్టిన లారీలో సిప్పీఘాట్ చేరాం. నీళ్ళు నడుము లోతు ఉన్నాయి. అయ్యగారు చూసి బాగుందన్నారు. బాప్తిస్మానికి పదకొండు మంది. పాటలు పాడాం. ఎంత పాడినా తనివి తీరలేదు పెద్దవాళ్ళకు. అవతలి ఒడ్డు వదిలాక ఏటి గట్టున నిలబడి పాడటం అదే మొదటిసారి. తరువాత అయ్యగారు వాక్యం చెప్పారు. నీళ్ళ గురించే చెప్పారు, పాత మనిషి అందులో చచ్చి కొత్త మనిషి లేస్తాడని, చాలాసేపు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మ మునిగాక మార్చుకోవడానికి ఆరిన చీర, తువ్వాలు మూట కట్టి పట్టుకుని నిలబడ్డాను. నా వెనక ఒకావిడ మాస్టారితో మెల్లగా అంటోంది. "ఆ దగ్గు మనిషిని ఆఖర్న దింపండి మాస్టారూ. మా పిల్ల కూడా దిగుతోంది." మాస్టారు తలూపి చేతిలోని కాగితం మీద పెన్సిల్‌తో ఏదో మార్చారు. అమ్మ పేరు పదకొండోది అయింది. ఆవిడది కూడా తల్లిప్రాణమే, ఏమనను.

మొదటి మనిషి దిగేసరికి నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. అయిదో మనిషికి మోకాళ్ళు. ఎనిమిదో ఆమెను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి వెనక్కి వంచారు. పదో ఆయన వడ్రంగి, భారీ మనిషి. నీళ్ళలో చతికిలబడ్డా భుజాలు పైనే ఉన్నాయి. అయ్యగారు ఒకసారి అదిమారు, మళ్ళీ అదిమారు. చెవుల్లోంచి బురద కార్చుకుంటూ ఆయన లేచాడు. "అయ్యగారూ, నా పాత మనిషి ఇంకా చావలేదేటండీ?" అన్నాడు. గట్టు మీద అందరూ పగలబడి నవ్వారు.

అమ్మ అప్పటికే జుట్టు విప్పుకుంది. గట్టు దిగింది. కాలు చీలమండ దాకా బురదలో దిగబడింది. నీళ్ళు పాయ నడిమికి ఒక చారలా జరిగిపోయాయి, అవీ పిక్కల లోతు. అయ్యగారు అటువైపు నాలుగడుగులు వేశారు. అయిదో అడుగుకు తొడ దాకా కూరుకుపోయారు. ఇద్దరు మగవాళ్ళు చంకల్లో చేతులు వేసి లాగారు. లారీ డ్రైవరు పైనుంచి అరిచాడు. "అరే భయ్యా, ఉధర్ మత్ జావ్, మగర్ హోతా హై!" మొసలి మాట వినగానే ఆడవాళ్ళు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు.

"దోసిట్లో ముంచి తలమీద పోస్తే చాలదా అయ్యగారూ?" అని వడ్రంగి అడిగాడు.

"చాలదయ్యా. మునగడమంటే మనిషిని పాతిపెట్టి లేపడం. సగం పాతిపెడతామా?" అన్నారు అయ్యగారు. ఆయన గొంతులో కోపం లేదు. ఒంటి మీది బురదను అరచేత్తో తుడుచుకుంటున్నారు.

అమ్మ మాస్టారి వైపు చూసింది. "సాయంకాలం దాకా ఇక్కడే ఉంటానండీ. నాలుక్కి నిండుతాదని తాత అన్నాడు కదా."

మాస్టారు ఆ మాటకు కాగితాన్ని మడిచారు. మళ్ళీ విప్పారు. లారీ పదకొండింటికి తిరిగి ఇచ్చెయ్యాలి. అయ్యగారు రెండింటికల్లా ఓడలో ఉండాలి. ఆయన ఆ గట్టు మీదే అమ్మ కోసం ప్రార్థన చేశారు. "వచ్చే రాకలో మొదటి పేరు నీదేనమ్మా," అన్నారు.

"సరేనయ్యా," అంది అమ్మ.

అక్కడికి ఫోటోలు తీయడానికి ఒక బెంగాలీ బాబు వచ్చాడు. ఏదో ఆఫీసులో గుమాస్తా, మెడలో పెట్టె కెమెరా. అయ్యగారికి పంపడానికి మాస్టారు పిలిపించారు. మునిగిన పదిమందినీ వరసగా నిలబెట్టి తీశాడు. అమ్మను కూడా రమ్మని ఒకరు చెయ్యి ఊపారు. "తడిసినవాళ్ళు మాత్రమే," అన్నారింకొకరు. చెడుగా అనలేదు, లెక్క కోసం అన్నారు. అమ్మ అటు తిరిగి నీళ్ళ వైపు నిలబడింది.

"ఏక్ బాకీ హై," అన్నాడు బాబు తనలో తాను. కెమెరాలో ఇంకొక్కటే మిగిలి ఉంది. "దీదీ, ఇధర్ దేఖియే."

అమ్మ తిరగలేదు. విందో లేదో తెలియదు. ఆయన ఒక క్షణం ఆగి, అలాగే తీశాడు.

ఆ ఫోటోలో ఎడమచేతి వైపు కింది మూల నల్లగా ఒక మరకలాంటిది కనిపిస్తుంది. అది నా మోచెయ్యి, ఆరిన చీర మూట. అమ్మ అక్కడ ఒంటరిగా లేదు, పక్కనే నేనున్నాను అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోను. మూడడుగుల దూరంలో నేనున్నా, వెనక ముప్ఫై మంది ఉన్నా, ఆ మనిషి ఒంటరిదే.

"ఏటి సూస్తన్నావమ్మా?" అని అడిగాను.

"నీరెంత దూరం పోయిందో సూస్తన్నాను."

లారీ హారన్ రెండుసార్లు మోగింది. అప్పుడు వెనక్కి తిరిగి, జుట్టు ముడివేసుకుని, నా చేతిలోంచి మూట తీసుకుంది. విప్పే పని లేని మూట.

నెల తరువాత బెంగాలీ బాబు ఫోటోలు కడిగి తెచ్చాడు. ఈ ఒక్కటీ ఊరికే అమ్మ చేతిలో పెట్టాడు. ఆయన పేరు కూడా నాకు తెలియదు. కెమెరాలో మిగిలిన ఆ ఒక్కదాన్ని ఆయన దేని మీదైనా వాడుకుని ఉండవచ్చు, చెట్టు మీద, పిట్ట మీద. మా అమ్మ మీద వాడినందుకు ఆయన పిల్లల పిల్లల్ని దేవుడు చల్లగా చూడాలని ఇప్పటికీ ప్రార్థన చేస్తాను. అమ్మ ఫోటోను వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. "జుట్టు తడవనేలేదు సూడు," అంది. అంతే. ప్రార్థన పుస్తకంలో పెట్టేసింది.

వానలు పట్టుకున్నాయి. అయ్యగారికి ఒంట్లో బాగాలేదని, వానలు తగ్గాక వస్తానని ఉత్తరం వచ్చింది. అమ్మ తెల్లచీరను బూజు పట్టకుండా వారానికొకసారి పొయ్యి దగ్గర ఆరబెట్టించేది. ఒక మధ్యాహ్నం నేను గంజి పట్టిస్తూ ఉండగా రెండు గుక్కలు తాగి, చాలని చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి అలాగే ఒళ్ళోకి జారింది.

నాన్న అంతకు ముందెప్పుడూ మాస్టారి వరండా ఎక్కలేదు. ఆ రోజు వానలో తడుస్తూ వెళ్ళాడు. ఒక చేత్తో నన్ను పట్టుకున్నాడు. ఫోటోను మైనపు గుడ్డలో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు. పడవ తాత మా వెనకే వచ్చాడు.

"దానికి ఆడి పక్కన సోటియ్యండి మాస్టారూ. ఇంకేటీ అడగను."

మాస్టారి కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. "నాకు మనసు లేదనుకోకు బావూ. ఈ కట్టుబాటు నేను పెట్టింది కాదు. మునగలేదు కదా ఆమె."

నాన్న మైనపు గుడ్డ విప్పాడు. "సూడండి. రానేదా? సీర కట్టుకుని, జుత్తు విప్పుకుని నిలబడనేదా?"

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని ఫోటో చూశారు. ఆయన దాన్ని చూడటం అదే మొదటిసారి. తాత గుమ్మం అవతలి నుంచే అన్నాడు. "మడిసి ఏళకే వచ్చింది. ఏళ తప్పించింది ఎవులు బావూ?"

"నేనే," అన్నారు మాస్టారు.

ఆయన ఆ మాట అన్నప్పుడు, ఇక చోటు ఇచ్చేస్తారనే అనుకున్నాను. నాన్న కూడా అనుకున్నాడేమో, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మాస్టారు ఫోటో మీద పడిన వానచుక్కను పంచె చెంగుతో అద్ది, నాన్న చేతికి తిరిగి ఇచ్చారు.

"అయినా నా వల్ల కాదు బావూ," అన్నారు.

నాన్న ఫోటోను మళ్ళీ మైనపు గుడ్డలో చుట్టాడు. ఏ సంఘానికీ చెందనివాళ్ళను పెట్టే కొండవాలు ఒకటి ఉండేది. తాత, నాన్న కలిసి అక్కడ తవ్వారు. తవ్వుతూ ఉంటే గుంటలోకి నీళ్ళు ఊరాయి. తోడి పోసినా మళ్ళీ ఊరాయి. అమ్మను ఆ తెల్లచీరతోనే దించారు. మాస్టారు గొడుగు లేకుండా వచ్చి, చెప్పులు విడిచి, వానలో నిలబడి గట్టిగా ప్రార్థన చేశారు, ఏడ్చారు. ఆయన చెడ్డమనిషై ఉంటే నాకు సులువుగా ఉండేది.

తరువాత ఆయన మా ప్రార్థన ఇంటి గోడకు ఒక క్యాలెండరు తగిలించారు. అందులో పున్నమికీ అమావాస్యకీ చంద్రుడి బొమ్మలుంటాయి. తాతను అడగకుండా ఏ బాప్తిస్మానికీ వేళ పెట్టలేదు. నేను పదహారో ఏట మునిగినప్పుడు నీళ్ళు నా గుండెల దాకా ఉన్నాయి. అన్ని నీళ్ళు చూసి ఏడుపు ఆగలేదు. సంతోషంతో ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. తప్పు కూడా కాదు, సగం నిజమే. ఇచ్చిన నీళ్ళకు దేవునికి వందనాలు చెప్పాను. ఇవ్వని నీళ్ళ గురించి ఇంకా అడుగుతూనే ఉన్నాను. ఆయన విసుక్కోడు.

కొండవాలు ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు తవ్వేశారు. ఎక్కడని వెళ్ళి నిలబడాలో తెలియదు, ఆటోలు పోతూ ఉంటాయి.

తమ్ముడి పక్కన ఖాళీ మాత్రం అలాగే ఉంది. మాస్టారు ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. ఆయన పోయే ముందు సంఘం పుస్తకంలో ఆ చోటును నా పేర రాయించారు.

నా మనవరాలా, ఫోటోతో నాకున్న పని ఇది. మాలో పోయినవాళ్ళకు చేతుల కింద ప్రార్థన పుస్తకం పెట్టి పెట్టె మూత వేస్తారు. నాకూ పెడతారు. ఫోటో దాని లోపల ఉంటుంది, తీయకండి. అందులో అమ్మ చూపు ఒక పక్కకే ఉంది. తమ్ముడు నాకు ఎడమ పక్కన ఉంటాడు. పుస్తకం ఎటు తిప్పి పెడితే ఆ చూపు వాడి వైపు పడుతుందో, మొన్న మంచం మీద వెల్లకిలా పడుకుని, గుండె మీద పెట్టుకుని చూసుకున్నాను. అట్ట మీద వాడి వైపు రావలసిన అంచున పెన్సిల్‌తో గీత గీసి పెట్టాను.